మార్లా ఉందిగా

జూన్ నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం రెండు దాటేసరికి మార్లా నూట నలభై తలలు చూసింది. ఇంకా డెబ్భై పైచిలుకు ఉన్నాయి. భోజనశాల వెనక వరండాలో ఎండ బాగా పడే చోట ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒక చేతిలో సన్నపళ్ల దువ్వెన, ఇంకో చేతిలో ఐస్‌క్రీమ్ పుల్లల కట్ట పట్టుకుని కూర్చుంది. షికాగో నుంచి వచ్చిన బస్సులు దిగిన పిల్లలు వరసగా వచ్చి ఆమె మోకాళ్ల ముందు కూర్చుంటున్నారు. చెవుల వెనక, మెడ మీద, పాపిట పక్కన పుల్లతో పాయలు విడదీసి చూడాలి. పేనుదేముంది, కదులుతుంది కాబట్టి దొరికిపోతుంది. ఈపి అలా కాదు, వెంట్రుకని పట్టుకుని చుండ్రులా నటిస్తుంది. ఒక్క తలలో ఒక్కటి తప్పిపోయినా వారం తిరిగేసరికి క్యాంపంతా గోక్కుంటూ ఉంటుంది. ఇరవై వేసవులుగా ఈ పని మార్లాదే. ఎవరూ అప్పగించలేదు. మొదటి ఏడు ఎవరు చూస్తారన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆమె భర్త ఎలియట్ చేతిలో కాగితాల్లోంచి తల ఎత్తకుండా, "మార్లా ఉందిగా" అన్నాడు. అంతే.

నూట నలభై ఒకటో తల డాలియా అనే తొమ్మిదేళ్ల పిల్లది. మొదటిసారి క్యాంపుకొచ్చింది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది గాని నోరు మాత్రం ఊరుకోలేదు.

"మీరు నర్సా?"

"కాదమ్మా. నర్సు జూన్ ఆంటీ. మీరు తెచ్చిన మందులన్నీ తీసి దాస్తోందే, ఆవిడ."

"మరి టీచరా?"

"ఊళ్లో టీచర్నే. ఇక్కడ కాదు."

"ఇక్కడేం చేస్తారు మరి?"

"అన్నీ," అంది మార్లా.

"మా అమ్మ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే మా నాన్న కూడా అంతే చెప్తాడు. అన్నీ ఆవిడే అంటాడు. అప్పుడు మా అమ్మ ప్లేట్లు టేబుల్ మీద గట్టిగా పెడుతుంది."

మార్లా గట్టిగా నవ్వేసింది. వరసలో ఉన్న పిల్లలూ నవ్వారు. డాలియా తల శుభ్రంగా ఉంది. "పోమ్మా, నీ క్యాబిన్ కొండ మీద, ఆకుపచ్చ తలుపుది," అని పంపించి పుల్ల మార్చింది. కానీ ఆ తర్వాత పాతిక తలలు చూసిందాకా ఆ ప్లేట్ల చప్పుడు ఆమె చెవుల్లో పోలేదు.

క్యాంప్ గివోల్‌కి మార్లా కూడా పదేళ్ల పిల్లగా ఇలాగే బస్సు దిగింది. విస్కాన్సిన్ ఉత్తరాన, పైన్ చెట్ల మధ్య, ఒక చెరువు ఒడ్డున ఉన్న ఈ యూదు పిల్లల వేసవి క్యాంపులో నాలుగు రోజులు ఏడ్చింది. అయిదో రోజున ఎవరో అక్క ఆమెని నీళ్లలో వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద అరచెయ్యి ఆనించి, "చెవులు ముంచు, ఏం కాదు" అంది. చెవులు మునిగాక బయటి అరుపులన్నీ ఆగిపోయాయి. లోపలి ఏడుపూ ఆగిపోయింది. తన ఊపిరి తనకే వినిపించింది. పైన ఆకాశం, కింద నీళ్లు, మధ్యలో తను, ఎవరూ అడిగేవాళ్లు లేరు. ఆ పిల్ల ఇక ఒడ్డెక్కలేదనే చెప్పాలి. పన్నెండేళ్లకి చెరువు ఈ చివర నుంచి ఆ చివరికి ఈదింది. ఇరవై ఏళ్లకి, ఈతకి దిగే పిల్లలందర్నీ కాచే 'చెరువు పెద్ద' ఉద్యోగం ఆమెకిచ్చారు. గివోల్‌లో అంతకు ముందు ఆ ఉద్యోగం ఏ ఆడపిల్లకీ ఇవ్వలేదు. మెడలో ఈల, ముక్కు మీద తెల్లటి క్రీము, రేవు చెక్కల మీద ఆమె అడుగు చప్పుడు వినిపిస్తే పదిహేనేళ్ల మగపిల్లలు కూడా తోపులాట ఆపేవాళ్లు.

అప్పటి డైరెక్టరు కొడుకే ఎలియట్. గిటారు వాయించేవాడు, రెండొందల మంది పిల్లల పేర్లు రెండు రోజుల్లో నేర్చేసుకునేవాడు, చలిమంట దగ్గర పాట పాడుతూ తనే ఏడ్చేసేవాడు. ఇప్పటికీ అంతే. మార్లా అందుకే చేసుకుంది అతన్ని, ఇప్పటికీ అందుకే ఇష్టం. వాళ్ల నాన్న తప్పుకుని ఎలియట్ డైరెక్టరయిన ఏడు మార్లాకి ఆరో నెల. "ఈ ఏడాదికి చెరువు వద్దులే మార్లా, వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు. న్యాయమే అనిపించింది. వచ్చే ఏడు కూతురు షోషీ చంకలో ఉంది. ఆ వచ్చే ఏడు కొడుకు కడుపులో ఉన్నాడు. ఆ తర్వాత ఒకళ్లకి జ్వరం, ఒకళ్లకి చెవిపోటు. పిల్లలు తమ కాళ్ల మీద తాము నిలబడే వయసుకొచ్చేసరికి చెరువుకి ఎవరో కుర్రాడు కుదిరిపోయాడు, మార్లాకి మిగతా క్యాంపంతా కుదిరిపోయింది.

ఆ మిగతా క్యాంపు అంటే ఏమిటో ఎవరైనా అడిగితే చెప్పడానికి మార్లాకే ఊపిరి చాలేది కాదు. ఇళ్లకి పంపే ఫొటోల్లో కూతురు నవ్వలేదేమని ఫోను చేసే తల్లులతో మాట్లాడేది. వేరుశనగ పడని పిల్లలెవరో, గుడ్డు పడని పిల్లలెవరో వంటింట్లో చెప్పేది. మాంసమూ పాలూ కలవకూడదన్న ఆచారం ఉన్న ఆ వంటింట్లో మాంసం గిన్నెల వైపు పాల గరిటె వచ్చి పడితే, వంటవాళ్లు రెండు చేతులూ ఎత్తేస్తే, పోయి తేల్చేది. పక్క తడిపిన పిల్లవాడి దుప్పటి తోటివాళ్లు లేవకముందే మార్చేది. చిన్నపిల్లల్ని చూసుకోవడానికి కౌన్సిలర్లుగా వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లలు ప్రేమించుకుని, విడిపోయి, ఆమె వంటబల్ల దగ్గర కూర్చుని ఏడిస్తే టీ పెట్టి ఇచ్చేది. నాటకానికి కిరీటాలు అతికించేది, బస్సుల జాబితాలు రాసేది. శుక్రవారం విందుకి జడలా అల్లే రొట్టెలు చేసే అమ్మాయి రాకపోతే నలభై రొట్టెలు తనే అల్లేది. సూర్యాస్తమయానికి క్యాంపంతా తెల్లబట్టలు కట్టుకుని వారాంతపు విశ్రాంతి దినానికి, షబ్బాత్‌కి, దీపాలు వెలిగించే వేళకి ఆమె గోళ్లలో ఇంకా పిండి ఉండేది. ఆ విందులో ఎలియట్ లేచి నిలబడి ఆ వారం పనిచేసిన ప్రతి ఒక్కరి పేరూ పిలిచి థాంక్స్ చెప్పేవాడు. చివర్న గిటారు అందుకుంటూ, "మా ఆవిడకి కూడా, ఇన్నేళ్లుగా నన్ను భరిస్తున్నందుకు!" అనేవాడు. అందరూ నవ్వేవారు. మార్లా కూడా. అది నవ్వాల్సిన చోటు కదా మరి.

ఆమె ఊళ్లో బడిలో సైన్సు చెప్పేది. పదినెలలు ఆ పని, రెండు నెలలు ఈ పని. తోటి టీచర్లు, "నీకేం తల్లీ, వేసవంతా చెరువు ఒడ్డున!" అనేవాళ్లు.

అత్తగారు ఫ్రీడాకి ఎనభై మూడేళ్లు. ఆవిడ కూడా ప్రతి వేసవీ వచ్చి, గేటు పక్క చిన్న ఇంట్లో ఉండేది. క్యాంపంతా ఆవిడని బబ్బీ అనే పిలుస్తుంది, నాయనమ్మ అని. కోడలూ అలాగే పిలవడం అలవాటు చేసుకుంది. మార్లా ఎప్పుడైనా నడుం పట్టుకుని కూర్చుంటే ఫ్రీడా కళ్లద్దాల పైనుంచి చూసేది.

"అలిసిపోయావా? నా కాలంలో ఈ వాషింగ్ మిషన్లు ఎక్కడివి? మూడొందల మందికి వంటిల్లు నేనే నడిపాను. ఇది నా పని అని ఎప్పుడైనా అన్నానా? మొగుడు డైరెక్టరు అయితే పెళ్లాం క్యాంపు అవుతుంది పిల్లా. అంతే లెక్క."

ఆ వేసవి షోషీ కౌన్సిలరుగా చేరింది. పందొమ్మిదేళ్లు వచ్చాయి. చేరిన రెండో రోజే తల్లిని చెయ్యి పట్టుకుని ఆఫీసు ముందున్న పెద్ద బోర్డు దగ్గరికి లాక్కుపోయింది. పనిచేసే వాళ్లందరి ఫొటోలు, కింద వాళ్ల పనులు రాసి ఉన్న బోర్డు అది. నర్సు జూన్ ఉంది. వంటవాళ్లున్నారు. గడ్డి కోసే ముసలాయన ఉన్నాడు. క్యాంపు కుక్క కూగెల్ నాలుక బయటపెట్టి నవ్వుతోంది. దాని కింద, 'ఉత్సాహ శాఖ అధికారి' అని రాసి ఉంది.

"అమ్మా, కుక్కకి కూడా ఉద్యోగం ఉంది. నువ్వెక్కడున్నావ్?"

మార్లా బోర్డు కేసి చూసింది. ఏటేటా ఆ బోర్డు చేసేది తనే. ఫొటోలు తీసేది, కత్తిరించేది, గుండ్రంగా అక్షరాలు రాసేది తనే. కుక్కకి ఆ పదవి ఇచ్చి మురిసిపోయిందీ తనే. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా తన ఫొటో పెట్టాలని తనకి తోచలేదు. ఎలియట్ మీద కోపం తెచ్చుకుందామని చూసింది. ఈ ఒక్క విషయంలో అతని తప్పేమీ కనబడలేదు. ఒకళ్లు నిన్ను మర్చిపోతే వాళ్లని దులపొచ్చు, నిన్ను నువ్వే మర్చిపోతే ఎవర్ని దులుపుతావు? "ఫొటో తీసేవాళ్లు ఫొటోలో పడరు కదే," అని కూతురికి చెప్పి నవ్వింది. షోషీ నవ్వలేదు.

మూడో వారం, మంగళవారం పొద్దున ఒఫెర్ కాలు విరిగింది. చెరువు పెద్ద అతనే. ఇజ్రాయెల్‌లోని హైఫా నుంచి వచ్చిన పాతికేళ్ల వాడు, మంచి ఈతగాడు. గగా అని పిల్లలు చెక్క కంచె మధ్య బంతితో ఆడే ఆట ఉంది. అందులో గెలిచిన ఊపులో కంచె మీదుగా దూకాడు, చీలమండ లోపలికి మడత పడింది. ఆస్పత్రిలో కట్టు కట్టి ఆరు వారాలు నీళ్ల వైపు చూడొద్దన్నారు. అర్హత కార్డున్న పెద్ద లేకుండా ఒక్క పిల్లని కూడా చెరువులో దింపడానికి వీల్లేదు. బయట ఎండ మండిపోతోంది, రెండొందల పన్నెండు మంది తువ్వాళ్లు భుజాన వేసుకుని నిలబడ్డారు.

ఎలియట్ ఆఫీసులో చుట్టుపక్కల క్యాంపులన్నిటికీ ఫోను చేస్తున్నాడు. "ఒక్క మనిషి... పోనీ వారానికి... ఎవరైనా కుర్రాడు ఉంటే చూడండి." అదే గదిలో, అతనికి నాలుగడుగుల దూరంలో, మార్లా పడవ ప్రయాణానికి వెళ్లే పిల్లల కాగితాలు సర్దుతోంది. అయిదో ఫోను పెట్టేశాక అంది.

"నా దగ్గర కార్డుంది."

"ఏం కార్డు?"

"చెరువుది. పోయిన ఏడాది ఏప్రిల్‌లో పరీక్ష రాశాను. వచ్చే ఏప్రిల్ దాకా చెల్లుతుంది."

ఎలియట్ ఆరో నంబరు నొక్కడం ఆపాడు. "నువ్వా? ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచేమిటి, ఎప్పుడూ మానలేదు. రెండేళ్లకోసారి రాస్తూనే ఉన్నా. ఏప్రిల్ ఆదివారాలు కూరగాయలకి నాలుగు గంటలు పడుతుందా, ఎలియట్?"

అది నిజం. రెండేళ్లకోసారి వసంతంలో ఆమె ఊళ్లో యూదు సంఘంవాళ్ల ఈతకొలనుకి వెళ్లి, పదహారేళ్ల పిల్లల మధ్య నిలబడి, అడుగున పడేసిన ఇటుకని మునిగి తీసేది, మునిగినట్టు నటించే మనిషిని ఒడ్డుకి లాగేది. కార్డు తెచ్చుకుని పర్సు లోపలి అరలో పెట్టుకునేది. ఎందుకు చేస్తోందో ఆమెకే సరిగ్గా తెలియదు. చెప్తే ఎలియట్ వద్దనేవాడు కాదు. "దేనికిప్పుడు?" అనేవాడు. ఆ మాటకి ఆమె దగ్గర జవాబు లేదు. జవాబు లేని పనిని పదిమందిలో పెడితే మిగలదని ఆమెకి తెలుసు. అందుకే దాచుకుంది. కొందరు పాత ఉత్తరాలు దాచుకున్నట్టు.

"సరే, చాలా మంచిది," అన్నాడు ఎలియట్, ముఖం వికసించి. మరుక్షణం వాడిపోయింది. "అయితే మరి... ఇవన్నీ ఎవరు చూస్తారు?"

"ఇవన్నీ అంటే?"

"అదే... నువ్వు చూసేవి."

"రాసిస్తా," అంది.

రాయడానికి గంటన్నర పట్టింది. అటూ ఇటూ కలిపి ఎనిమిది పేజీలు వచ్చింది. ఎలియట్ మధ్యాహ్నం పెద్దవాళ్లందరినీ కూర్చోబెట్టి పైకి చదవడం మొదలుపెట్టాడు. మూడో పేజీకి గొంతు తగ్గింది. అయిదో పేజీ దగ్గర ఆగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నర్సు జూన్, "నాకు రెండు చేతులే ఉన్నాయి నాయనా, ముందే చెప్తున్నా," అంది. చివరికి ఆ పని నలుగురికి పంచారు. తల్లుల ఫోన్లు మాత్రం ఎవరూ తీసుకోమన్నారు. "అవి నావి," అన్నాడు ఎలియట్, నేరం ఒప్పుకున్నవాడిలా.

మర్నాడు పొద్దున మార్లా చెరువు దగ్గరికి వెళ్లింది. ఒఫెర్ చంకకర్రల మీద వచ్చి అన్నీ చూపించాడు. బోర్డుకి మేకులు, మేకులకి పేరు బిళ్లలు. పిల్ల నీళ్లలో దిగేముందు తన బిళ్లని ఎర్రవైపు తిప్పాలి, పైకొచ్చాక తెల్లవైపు తిప్పాలి. ఈల ఊదగానే జోడీలు చేతులు పట్టుకుని పైకెత్తాలి, అందర్నీ లెక్కపెట్టాలి. మార్లా మధ్యలో అడ్డురాకుండా అంతా విన్నది.

"ఈ బోర్డు చాలా పాతది. మేకులు జాగ్రత్త," అన్నాడు ఒఫెర్.

"తెలుసు. కొట్టింది నేనే."

"ఎప్పుడు?"

"నువ్వు పుట్టకముందు బాబూ."

నల్లటి ఈత దుస్తులు వేసుకుని రేవు చివర నిలబడినప్పుడు మొదటి పది నిమిషాలు ఆమెకి తన తొడలే గుర్తున్నాయి. నలభై తొమ్మిదేళ్ల తొడలు, వాటి మీద నీలి గీతలు, రెండు కాన్పుల పొట్ట. గట్టు మీద మడత కుర్చీ వేసుకుని కూర్చున్న ఫ్రీడా అందరికీ వినబడేలా అంది కూడా, "ఈ వయసులో తడిబట్టలతో పిల్లల ముందు! డైరెక్టరు పెళ్లానివి, కాస్త పైన ఏదైనా కప్పుకో." మార్లా వినిపించుకోలేదు. పదకొండో నిమిషంలో నీళ్లలో ఉన్న ఎనభై తలలు తప్ప ఇంకేదీ ఆమెకి గుర్తులేదు. కళ్లు ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి వాటంతటవే తిరిగాయి. ఎవరు ఆడుతూ అరుస్తున్నారో, ఎవరు భయపడి అరుస్తున్నారో చెవులకి తెలిసిపోయింది. ఇరవై ఏళ్లుగా ఒకేసారి యాభై పనుల మీద పరుచుకుని ఉన్న బుర్ర ఒక్క పని మీదికొచ్చి నిలబడింది. ఎంత హాయిగా ఉందంటే, ఇదేదో తప్పు చేస్తున్నానేమో అని ఆమెకి ఒకసారి అనుమానం కూడా వచ్చింది.

మార్లా చెరువు దగ్గరికొచ్చిన రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఈల ఊదితే చేతులు లేచాయి. బోర్డు మీద ఎర్రవైపు తిరిగిన బిళ్లలు ఎనభై నాలుగు. నీళ్లలో తలలు ఎనభై మూడు. డాలియా జోడీ పిల్ల ఒక్కతే చెయ్యి పైకెత్తి నిలబడింది, పక్కన ఎవరూ లేరు.

మార్లా మూడు ఈలలు ఊదింది. "అందరూ పైకి! ఎక్కడివాళ్లు అక్కడ కూర్చోండి. మాట వినపడకూడదు." కౌన్సిలర్లు చేతులు గొలుసు కట్టి నడుంలోతు నీళ్లలో వరసగా నడవడం మొదలుపెట్టారు, పాదాలతో అడుగు తడుముతూ. మార్లా లోతువైపు దూకి మునిగింది, లేచింది, మళ్లీ మునిగింది. కొండ మీంచి ఎలియట్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "మార్లా! ఎవరు? ఏమైంది? అంబులెన్సుకి..."

"నాతో మాట్లాడకు," అంది నీళ్లలోంచే. "ఫోను పట్టుకుని గట్టు మీద నిలబడు. నేను చెప్పినప్పుడు చెయ్యి."

అతను నిలబడ్డాడు. చెప్పిన చోటే, చెప్పినట్టే.

ఎవరినైనా క్యాబిన్ల వైపు పంపి వెతికించమని మార్లా నీళ్లలోకి దూకేముందే చెప్పింది. నాలుగో నిమిషం పూర్తవకుండానే షోషీ డాలియాని భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చింది. పిల్లకి బాత్రూమ్ వచ్చింది. జోడీకి చెప్పలేదు, బిళ్ల తిప్పలేదు. రేవంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. మార్లా డాలియా ముందు మోకాళ్ల మీద కూర్చుని, కేకలేయకుండా, ఆ పిల్ల చేతనే బిళ్ల తెల్లవైపు తిప్పించింది. "మీరిక్కడ ఏం చేస్తారో నాకిప్పుడు తెలిసింది," అంది డాలియా వెక్కుతూ. "లెక్కపెడతారు."

"అవును. ఒక్కళ్లు తగ్గినా ఊరుకోను."

ఆ సాయంత్రం ఆమె పడవల షెడ్డు వెనక్కి వెళ్లి పావుగంట ఒక్కతే కూర్చుంది. లేచి భోజనానికి వెళ్లింది, రెండుసార్లు పెట్టించుకుంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక, పిల్లలంతా పడుకునే గంటలో, ఫ్రీడా రేవు మీదికొచ్చింది. పొడుగాటి గౌను వేసుకుంది. వచ్చి మార్లా పక్కన నిలబడింది.

"నిన్న నా కొడుకు నీ మాట విన్నాడు," అంది. "నిలబడమంటే నిలబడ్డాడు. వాళ్ల నాన్నయితే పోయేదాకా నేను చెప్పిన చోట కూర్చుని కూడా ఎరగడు."

"కంగారులో విన్నాడ్లెండి బబ్బీ."

"కంగారులో నేనూ చాలాసార్లు చెప్పానే." ఫ్రీడా చెరువుకేసి చూస్తోంది. "నలభై ఒక్క వేసవులు ఈ గట్టునే ఉన్నా. పాదాలు దాటి తడవలేదు. తెలుసా నీకు?"

మార్లాకి తెలియదు. ఇన్నేళ్లూ గమనించనేలేదు. "ఎందుకని?"

"నడుముకి తాళాల గుత్తి ఉండేది. మాంసం కొట్టుగదిది, పాల కొట్టుగదిది, పిండి గదిది. ఎవరికైనా ఇచ్చి దిగుదామంటే, ఎవరికివ్వను? ఇచ్చాక అరగంటలోనే కావాల్సొస్తుంది. తర్వాత తాళాలు నీ చేతికొచ్చాయి. అప్పటికి నాకు అలవాటు పోయింది, ఇంక సిగ్గు మొదలైంది." ఆవిడ గౌను బొత్తాలు విప్పింది. లోపల నీలిరంగు ఈత దుస్తులున్నాయి. చంక దగ్గర కొట్టువాడి ధర చీటీ ఇంకా వేలాడుతోంది. "మూడేళ్ల కిందట కొన్నా. నవ్వావంటే చంపుతా."

మార్లా నవ్వలేదు. చీటీ తెంపి తన ఈలతాడుకి గుచ్చుకుంది. మెట్ల దగ్గర అత్తగారి రెండు చేతులూ పట్టుకుని, వెనక్కి నడుస్తూ, ఒక్కో మెట్టూ దింపింది. ఆవిడ చర్మం సన్నగా, చల్లగా, కాగితంలా ఉంది. చలికి ఆవిడ పళ్లు టకటకలాడాయి, చిన్నప్పటి ఇంటిభాష యిడ్డిష్‌లో ఏదో తిట్టింది. ఛాతీ లోతుకి వచ్చాక మార్లా ఆవిడ మెడ కింద అరచెయ్యి పెట్టింది.

"వెనక్కి వాలండి. చెవులు ముంచండి, ఏం కాదు."

"మునిగిపోతే?"

"నేనున్నా."

ఫ్రీడా వాలింది. మొదట కొయ్యలా బిగుసుకుంది. తర్వాత ఒక్కో ఎముకా వదులైంది. తెల్లజుట్టు నీళ్లలో విచ్చుకుంది. కళ్లు మూసుకునే ఉంది. దూరంగా వంటింటి వెనక గంట మోగింది, పిల్లల్ని లేపే గంట. ఆవిడ కనురెప్పలు అదిరాయి, లేవబోయినట్టు భుజాలు కదిలాయి, మళ్లీ ఆగాయి.

"కొట్టుకోనీ," అంది కళ్లు తెరవకుండా. "ఇరవై ఏళ్లు నేనే కొట్టా."

మార్లా అప్పుడు ఏడ్చింది. నీళ్లలో నిలబడి ఏడిస్తే ఎవరికీ తెలియదు, అదో సుఖం. అది దుఃఖం కూడా కాదు. తనని ఇన్నేళ్లుగా సూటిపోటి మాటలంటున్న ఈ మనిషి, ఈ బరువంతా ముందు మోసి, తన చేతిలో పెట్టి, ఇప్పుడు ఇదే చేతి మీద తేలుతోంది. ఎవరిది ఎవరు మోస్తున్నారో చెప్పలేని తేలిక అది.

ఆ తర్వాత రోజూ ఆ గంటలో అత్తాకోడళ్లు చెరువులోనే ఉన్నారు. ఫ్రీడా సణుగుడు మానలేదు, కాకపోతే ఇప్పుడు నీళ్లు చల్లగా ఉన్నాయని సణిగేది.

ఆఖరి శుక్రవారం ఎలియట్ తెల్లచొక్కాలో లేచి నిలబడి అందరి పేర్లూ పిలిచాడు. చివర్న గిటారు అందుకోలేదు. "మా చెరువు పెద్ద, మార్లా రుడ్నిక్," అన్నాడు, కాస్త తడబడి. అంతే అన్నాడు, జోకు వెయ్యలేదు. రెండొందల మంది బల్లలు చరిచారు. అందరికంటే గట్టిగా షోషీ చరిచింది. మార్లాకి ముఖం వేడెక్కింది. సంతోషమేసింది. దాచుకోలేదు కూడా.

విందయ్యాక ఇద్దరూ కొండ ఎక్కుతుంటే ఎలియట్ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు. "పాపం, బాగా అలిసిపోయావు. ఒఫెర్ కాలు బాగయిందట, వచ్చే ఏడు వస్తానన్నాడు. ఇంక నీకీ ఎండలో నిలబడే పని ఉండదు. మళ్లీ అంతా మామూలే." ప్రేమగానే అన్నాడు. ఆ విషయంలో మార్లాకి ఏ సందేహమూ లేదు. అతని చేతి బరువు భుజం మీద ఎప్పటిలాగే ఇష్టంగా ఉంది. ఆ మాట మాత్రం ఆమె ఒంటికి అంటలేదు. బల్లలు చరిచింది తనని రమ్మని అనుకుంది తను. వీడ్కోలని అనుకున్నాడు అతను. వాదిస్తే అతను ఒప్పుకునేవాడే. ఒప్పుకుని, "సరే, మార్లా సరదా పడుతోంది" అనేవాడు. ఆమెకి సరదా తీర్చుకోవాలని లేదు.

ఆదివారం పొద్దున బస్సులు వెళ్లిపోయాయి. డాలియా కిటికీలోంచి చెయ్యి ఊపుతూ ఏడ్చింది, ఈసారి ఇంటికి వెళ్తున్నందుకు. పెద్దవాళ్లు ఒక్కొక్కళ్లే ఆఫీసులోకొచ్చి, వచ్చే వేసవి పని కోసం బల్ల మీద దొంతరలోంచి ఫారం తీసి నింపుతున్నారు. మార్లా కూడా ఒకటి తీసుకుని, వరసలో నిలబడి, షోషీ దగ్గర పెన్ను అడిగి నింపింది. పేరు రాసింది. గివోల్‌లో ఎన్ని వేసవులు అన్నచోట నలభై అని రాసింది. కోరుకునే పని: చెరువు పెద్ద. అది ఖాళీ లేకపోతే ఇంకేం చేస్తారు అన్నచోట అడ్డంగా ఒక గీత గీసింది. తన వంతు రాగానే ఎలియట్ ముందు పెట్టింది.

అతను చూసి నవ్వాడు. "నీకు ఫారం ఎందుకే? నువ్వు ఇంటిమనిషివి."

"ఇంటిమనిషిని అడిగేవాళ్లుండరు. ఫారం నింపిన మనిషికి జవాబు చెప్పాలి. ఒఫెర్‌ది, నాదీ పక్కపక్కన పెట్టుకుని చదువు. నవంబరులో అందరికీ ఉత్తరం రాస్తావుగా, నాకూ రాయి."

"కుదరదని రాస్తేనో?" అన్నాడు, ఇంకా నవ్వుతూనే.

మార్లా పెన్నుకి మూత పెట్టి షోషీ చేతికిచ్చింది. వాకిట్లో ఫ్రీడా తడితువ్వాలు భుజాన వేసుకుని కోడలి కోసం ఎదురుచూస్తోంది.

"ఏం ఫర్వాలేదు. మిషిగన్‌లో ఒక క్యాంపువాళ్లు కూడా చెరువుకి మనిషి కోసం చూస్తున్నారు. వాళ్ల ఫారం గురువారమే పంపించాను. అక్కడ నాకు మొగుడెవరూ లేరు కాబట్టి జవాబు తొందరగానే వస్తుందనుకుంటా."